ఆర్కిటెక్చర్‌కు ముందటి రెండేళ్లు

ఆర్కిటెక్చర్ పట్టా చదువు అయిదేళ్లు. దానికి ముందున్న ఇంటర్మీడియట్ రెండేళ్లలో విద్యార్థి ఏమి నేర్వాలన్నది మన విద్యావేత్తలు పట్టించుకున్నట్లు కనబడదు. గణితం తప్పనిసరి, ఆపైన నాటా గానీ, జె.ఇ.ఇ. రెండవ పేపరు గానీ గట్టెక్కాలి. ఎం.పి.సి. విద్యార్థి రెండేళ్లూ లెక్కలతో కుస్తీపట్టి, పరీక్ష ముంగిట పెన్సిలు పట్టుకుంటున్నాడు. ఇంటిని పరిశీలించే తీరిక అతనికెక్కడిది?

ఆ పరిశీలన విలువ తెలియాలంటే దక్షిణ అండమాన్‌లోని వండూర్‌ను చూడాలి. భూకంప భయం, ఎడతెగని వానలు, ఇనుమును తినివేసే ఉప్పుగాలి. ఈ మూడింటినీ తట్టుకొనే ఇల్లు ఎలా ఉండాలన్నది అక్కడి పిల్లలకు కళ్లెదుటి పాఠం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగి, పల్లపు పొలాల్లోకి సముద్రపు నీరు చేరింది. సునామీ బాధితులకు ద్వీపాలలో తొలుత దక్కినవి రేకుల షెడ్లు! తరతరాలుగా స్తంభాలపై గుండ్రని గడ్డి ఇళ్లు కట్టుకొన్న నికోబారీలకు ఆ ఉక్కపోత ఎంతటి శిక్షో వేరే చెప్పనక్కరలేదు.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారి పిల్లలకైనా, విజయవాడ, హైదరాబాదు పిల్లలకైనా ఇంటర్‌లోనే ఒక ఇంటిని కొలిచి, గీసే పని అప్పగించాలి. దానికి మార్కులూ ఇవ్వాలి. మార్కులు లేని పని మన కళాశాలల్లో సాగదు గదా! బోధకులు లేరన్న సాకు చెల్లదు. తాపీమేస్త్రీలు, వడ్రంగులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.