మహిళల దుస్తులలో పురుష శైలి

మహిళల దుస్తులలో పురుష శైలి అనగా సూటు, కోటు, ప్యాంటు, చొక్కా, టై మొదలగు పురుషుల వస్త్రాలను స్త్రీలు తమ ఆకృతికి, అభిరుచికి అనుగుణంగా మార్చుకొని ధరించే పద్ధతి. సాధారణంగా వీటికి నగలు, కుచ్చుల జాకెట్లు, పట్టు రిబ్బను ముడులు, హైహీల్స్ చెప్పులు జతపరచి స్త్రీత్వపు మెరుగులు దిద్దుతారు. పత్రికలు దీనిని ఫ్యాషనుగానే పరిగణించినప్పటికీ, దీని చరిత్రలో దర్జీల పాత్ర ఎంత గలదో పోలీసుల, చట్టసభల, పాఠశాలల పాత్ర కూడా అంతే గలదు. పురుషుల దుస్తులు స్త్రీలకు చాలాచోట్ల షరతులతోనే దక్కినవి. పై మెరుగులు కొందరికి అభిరుచి కాగా, కొందరికి ఆ షరతులలో ఒకటి.

చరిత్ర

పురుష వేషం ధరించదలచిన స్త్రీ పోలీసుల అనుమతి పొందవలెనని 1800 నవంబరులో పారిస్ నగర పోలీసు శాఖ ఉత్తర్వు జారీ చేసినది. గుర్రపు సంతలు, కబేళాలు తిరిగి జంతువులను చిత్రించిన ప్రముఖ చిత్రకారిణి రోజా బోనర్ ప్యాంటు తొడుగుకొనుటకు ఇట్టి అనుమతి పత్రం తీసుకొని, ఆరు నెలలకొకసారి పునరుద్ధరించుకొనెడిది. సైకిలు హ్యాండిలు గాని, గుర్రపు కళ్లెం గాని చేతబట్టిన స్త్రీలకు 1892, 1909 సంవత్సరాలలో సడలింపు ఇచ్చారు. వాడుకలో ఏనాడో మరుగునపడిన ఈ ఉత్తర్వు ఇక చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించినది 2013 జనవరి 31న మాత్రమే.

1930లో విడుదలైన మొరాకో చిత్రంలో మార్లిన్ డీట్రిక్ పురుషుల విందు సూటు, పొడవాటి టోపీతో కనిపించి సంచలనం సృష్టించినది. అయితే ఈ శైలికి మైలురాయిగా చెప్పుకోదగినది 1966లో ఈవ్ సెయింట్ లారెంట్ రూపొందించిన 'ల స్మోకింగ్' అను సూటు. నల్లని కోటు, అంచున శాటిన్ పట్టీ గల ప్యాంటు పురుషులవే. లోపల కుచ్చుల తెల్లని జాకెట్టు, వెడల్పాటి నడికట్టు స్త్రీలవి. సంపన్న ఖాతాదారులు మొదట దీనిని ఆదరించలేదు. అతని రెడీమేడ్ దుకాణాలకు వచ్చిన యువతులు మాత్రం ఇష్టంగా కొనుగోలు చేశారు. ప్యాంటు వేసుకున్నందుకు న్యూయార్కు హోటలు ఒకటి లోనికి రానివ్వకపోగా, నాన్ కెంప్నర్ అను ధనిక మహిళ ప్యాంటు విప్పివేసి, కోటునే పొట్టి గౌనుగా చేసుకొని లోనికి వెళ్ళినదని చెబుతారు. మోకాళ్ళు కనబడినచో అభ్యంతరం లేదు, కప్పినచో ఉన్నది! ఆనాటి మర్యాద ఎటువంటిదో ఇంతకంటె వివరించనక్కరలేదు.

1977 నాటి ఆనీ హాల్ చిత్రంలో డయాన్ కీటన్ (1946-2025) వెయిస్ట్‌కోటు, టై, వదులు ప్యాంటుతో ధరించిన వేషం ఇందుకు భిన్నమైనది. అందులో నడుము బిగింపు గాని, హైహీల్స్ గాని లేవు. 1980లలో ఉద్యోగినుల కోట్లకు భుజాల లోపల మెత్తలు చేరినవి.

కుట్టులో భేదాలు

పురుషుల చొక్కాకు బొత్తాములు కుడివైపున, స్త్రీల చొక్కాకు ఎడమవైపున కుట్టడం పాశ్చాత్య ఆనవాయితీ. దీని కారణాలపై పలు ఊహాగానాలు గలవు. స్త్రీల కోటుకు ఛాతీ, నడుము వద్ద టక్కులు వేసి బిగువు తెస్తారు. అసలైన తేడా జేబులది. పురుషుల కోటుకు లోపలా బయటా జేబులుండగా, స్త్రీల కోట్లు అనేకం జేబు మూత మాత్రమే కలిగి లోన సంచి లేకుండా వస్తాయి. శైలి పురుషులదైనను సౌకర్యం స్త్రీలకు పూర్తిగా అందలేదు అనుటకు ఇదొక తార్కాణం.

రాజకీయాలలో

అమెరికా సెనేటు సభలో స్త్రీలు ప్యాంటు ధరించరాదను ఆచారాన్ని 1993లో సభ్యులు బార్బరా మికుల్స్కీ, కారల్ మోస్లీ బ్రౌన్ ధిక్కరించారు. దరిమిలా ప్యాంటుకు అనుమతి లభించినది కాని, పైన కోటు ఉండవలెనన్న నిబంధనతో. 2020 నవంబరు 7న ఉపాధ్యక్షురాలిగా ఎన్నికైన కమలా హారిస్ తొలి ప్రసంగానికి తెల్లని ప్యాంటుసూటు, మెడ వద్ద రిబ్బను ముడి గల జాకెట్టుతో వచ్చినది. తెలుపు స్త్రీల ఓటుహక్కు ఉద్యమకారుల రంగులలో ఒకటి. ఆ ముడిని కొందరు టైకి ప్రత్యామ్నాయంగా, కొందరు సూటు కాఠిన్యాన్ని తగ్గించే అలంకారంగా వ్యాఖ్యానించారు. పురుష నాయకుల టై ముడికి ఇంతటి వ్యాఖ్యానం జరుగుట అరుదు.

సూడాన్‌లో వ్యవహారం వ్యాఖ్యానాలతో ఆగలేదు. 2009 జూలైలో ఖార్టూమ్‌లో ప్యాంటు ధరించినందుకు పాత్రికేయురాలు లుబ్నా హుస్సేన్‌తో సహా 13 మంది స్త్రీలను అరెస్టు చేశారు. వారిలో కొందరికి కొరడా దెబ్బలు పడినవి. లుబ్నా విచారణ కోరి, జరిమానా కట్టుటకు నిరాకరించినది. ఈ అరెస్టులకు ఆధారమైన ప్రజాశాంతి చట్టాలు 2019 నవంబరులో రద్దయినవి.

భారతదేశంలో

2021 డిసెంబరులో కేరళలోని కోజికోడ్ జిల్లా బాలుస్సేరి ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ పాఠశాలలో ప్లస్ వన్ బాలబాలికలందరికీ ప్యాంటు, చొక్కా యూనిఫారంగా ప్రవేశపెట్టారు. కోరినవారికి పొడవు చేతుల చొక్కా, తలకు స్కార్ఫు ధరించే వెసులుబాటు ఇచ్చారు. బస్సు ఎక్కుటకు, ఆటలకు సులువని విద్యార్థినులు హర్షించగా, కొన్ని ముస్లిం సంస్థలు ఇది బలవంతమని నిరసన తెలిపినవి. సమానత్వమనగానే బాలికలే బాలుర దుస్తులకు మారవలెనా అను ప్రశ్న కూడా తలెత్తినది. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఇట్టి యూనిఫారాన్ని ఎవరిపైనా రుద్దబోమని ముఖ్యమంత్రి పినరయి విజయన్ 2022 ఆగస్టులో శాసనసభలో ప్రకటించాడు.

తెలుగునాట

ప్యాంటు, చొక్కా వేసిన ఆడపిల్లను 'మగరాయుడు' అనుట తెలుగునాట పరిపాటి. 1990లో వచ్చిన కర్తవ్యం చిత్రంలో పోలీసు అధికారిణిగా నటించిన విజయశాంతికి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం లభించినది. యూనిఫారం ధరించిన కథానాయికకు ఆ తరువాత తెలుగు తెరపై ఆదరణ పెరిగినది.

ఫ్యాషను చర్చలలో ప్రస్తావనకు రాని వాడుక మరొకటి గలదు. పత్తి తీతలకు, మిరప కోతలకు వెళ్ళే కూలీ స్త్రీలు చీరపై భర్తదో, కొడుకుదో పాత పొడవు చేతుల చొక్కా తొడుగుకొంటారు. ఎండ నుండి, పత్తికాయల గీరుడు నుండి, మిరప ఘాటు నుండి చేతులకు అది రక్షణ. దీనికి వారెవరి అనుమతీ కోరలేదు, వారినెవరూ మగరాయుళ్ళనలేదు. పని ముగియగానే చొక్కా విప్పి, కొంగు సవరించుకొని ఇంటిదారి పడతారు.