డ్రాపవుట్ అంటే ఎవరు చేసిన పని?



మనకి ఇంట్లో కోయ, బళ్లో తెలుగు. ఇంగ్లీషు మూడోది. అందుకే దాని మాటలు బాగా చూసి వాడాలి. క్రియ పక్కన చిన్న మాట చేరితే చాలు, అర్థం మారిపోతుంది. డ్రాప్ అంటే పడిపోవడం, జారవిడవడం. డ్రాప్ ఇన్ అంటే దారిలో ఎవరింటికైనా ఊరికే వెళ్లి పలకరించడం. డ్రాప్ ఆఫ్ అంటే కునుకు పట్టడం, స్టడీ అవర్లో మనకి అయ్యేది అదే! బండి మీద తెచ్చి దింపడం కూడా డ్రాప్ ఆఫే. డ్రాప్ అవుట్ అంటే చదువో పోటీయో మధ్యలో వదిలేయడం. దాని తర్వాత 'ఆఫ్' రాయాలి, 'ఫ్రమ్' కాదు: 'షి డ్రాప్డ్ అవుట్ ఆఫ్ స్కూల్'.

ఇక నా అభిప్రాయం. ఈ క్రియలో వదిలేసేది ఆ పిల్లే. ఇంకొకళ్లు చేశారని ఈ మాటతో చెప్పలేం. ఉత్త డ్రాపవుట్ అని రాస్తే ఆ పిల్లే చదువు వద్దనుకున్నట్టు ఉంటుంది. సంక్రాంతికి ఇంటికెళ్లి, మిరప కోతలకి పోయి తిరిగి రాకపోతే అది వదిలేయడమా? అమ్మకి జ్వరం, తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్లు లేక ఆగిపోతే? పెళ్లి కుదిర్చి ఆపేస్తే?

తెలుగులో 'మానేసింది' వేరు, 'మాన్పించారు' వేరు. ఎవరు చేశారో మాటలోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులోనూ దారి ఉంది. 'దే పుల్డ్ హర్ అవుట్ ఆఫ్ స్కూల్' అంటే ఇంటివాళ్లే మాన్పించారని. పుష్ అవుట్ అంటే బయటికి నెట్టేయడం. బళ్లో ఉండలేకుండా చేస్తే ఆ మాట రాయాలి.

2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి, ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదికి వచ్చిన మనకి ఆ అండ లేదు. కానీ 18 నిండకుండా ఆడపిల్లకి పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. 'పెళ్లి' అని రాస్తే ఎవరైనా వెళ్లి ఆపొచ్చు. 'మిరప కోత' అని రాస్తే కోతలయ్యాక పిలుచుకు రావొచ్చు. డ్రాపవుట్ అని రాస్తే ఎక్కడికని వెళ్తారు?

మేడం గారూ, ఆ మాట పక్కన ఇంకో గడి గీయించి కారణం రాయించమని మనవి. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. నాలాంటివాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

స్నేహితులారా, పక్కన పడుకునే పిల్ల సెలవుల నుంచి రాకపోతే "మానేసిందంట" అనేసి ఊరుకోకండి. ఎవరు మాన్పించారో అడగండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని