సంతకానికి ముందు, అమలుకు తర్వాత

పిల్లల కస్టడీ తగాదాల్లో చాలామంది స్త్రీలు మహిళా సంఘాల గడప తొక్కేసరికి తీర్పు వచ్చి, అప్పీలు గడువు దాటి, అమలు పిటిషన్ నోటీసు చేతికి అంది ఉంటుంది. అప్పుడు వాళ్లు చెప్పే మాట ఎంత నిజమైనా, దాన్ని వినవలసిన చోటు మారిపోయి ఉంటుంది. కార్యకర్తలుగా మనకు ఈ సంగతి స్పష్టంగా తెలియాలి.

కుటుంబ న్యాయస్థానాల చట్టం (1984) 18వ సెక్షన్ ప్రకారం ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వులను సివిల్ ప్రొసీజర్ కోడ్ పద్ధతిలోనే అమలు జరుపుతారు. అమలు జరిపే కోర్టు డిక్రీ మంచిచెడ్డలను తిరిగి విచారించదన్నది అక్కడ స్థిరపడిన సూత్రం. ఉత్తర్వు ఇచ్చిన కోర్టుకు అధికార పరిధే లేదనో, ఉత్తర్వు ఇప్పటికే అమలైందనో, పై కోర్టు దాన్ని ఆపిందనో చూపగలిగితే వింటుంది. బిడ్డ అక్కడ క్షేమంగా ఉండదన్న వాదన అక్కడ నిలవదు. అప్పీలుకు గడువు 30 రోజులే. అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు. స్టే విడిగా తెచ్చుకోవాలి. 19వ సెక్షన్ మధ్యంతర ఉత్తర్వుల మీదా, ఇరుపక్షాల సమ్మతితో వచ్చిన ఉత్తర్వుల మీదా అప్పీలు ఇవ్వదు.

స్త్రీలకు ఎక్కువ దెబ్బ తగిలేది ఈ సమ్మతి దగ్గరే. చట్టం దాన్ని సమానుల మధ్య ఒప్పందంగా చూస్తుంది. సంపాదన లేక, పుట్టింట్లో భారమై, ఈ కేసు ముగిస్తే చాలనుకున్న స్త్రీ పెట్టే సంతకం ఏపాటి సమ్మతి? భరణం వదులుకుంటే బిడ్డను ఇస్తామనీ, బిడ్డను వదులుకుంటే కట్నం సొమ్ము తిరిగి ఇస్తామనీ రాజీ పేరుతో బేరాలు సాగుతాయి. రాజీకి ప్రయత్నించడం కోర్టు విధి అని 9వ సెక్షన్ అంటుంది. వకీలును పెట్టుకోవడం హక్కుగా అడగరాదని 13వ సెక్షన్ అంటుంది. కోర్టు అనుమతించినా ఫీజు కట్టలేని స్త్రీ ఆ కాగితం ముందు ఒంటరిగానే నిలబడుతుంది.

అలాగని అమలు దశలో అన్ని అభ్యంతరాలూ వినాలని మనం కోరవచ్చా? కోరకూడదనే నా అభిప్రాయం. ఉత్తర్వు తల్లి చేతిలో ఉండగా తండ్రి బిడ్డను ఊరు దాటించి దాచేసిన సందర్భాలూ మనం చూస్తున్నాం. ప్రతి వాయిదాకూ కేసును మొదటినుంచీ తిరగదోడే వీలుంటే, లాభపడేది డబ్బూ పలుకుబడీ ఉన్నవాడే. ఈలోగా బిడ్డ తనకు అలవాటు పడితే, ఆ అలవాటునే రేపు బిడ్డ క్షేమంగా చూపిస్తాడు. ఈ పరిమితి కొన్నిసార్లు తల్లికే రక్ష.

మనకు ఉపయోగపడే దారి వేరే ఉంది. 1973లో రోజీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు, కస్టడీ ఉత్తర్వులు శాశ్వతం కావనీ, సమ్మతి మీద వచ్చినవైనా బిడ్డ క్షేమం కోరితే మార్చవచ్చనీ చెప్పింది. అది క్రైస్తవ దంపతుల వివాదం. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కూడా డిక్రీ తర్వాత మార్పుకు వీలిస్తుంది. కనుక ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే, పరిస్థితులు ఎలా మారాయో ఆధారాలతో చూపుతూ సవరణ పిటిషన్ వేయాలి. దానితోపాటే అమలు నిలుపుదల అడగాలి. బిడ్డను దాచిపెట్టమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకూడదు. కోర్టు ధిక్కారం అటుంచి, సవరణ అడగడానికి ఆమెకున్న బలమే పోతుంది.

మనం అడగవలసినవి కూడా ఇక్కడినుంచే మొదలవ్వాలి. సమ్మతి ఉత్తర్వు రాసేముందు జడ్జి తల్లితో విడిగా మాట్లాడి, కస్టడీని డబ్బుతో ముడిపెట్టలేదని నిర్ధారించుకోవాలి. సవరణ పిటిషన్ ఉంటే, నిలుపుదల ఇవ్వాలో లేదో బిడ్డను అప్పగించే రోజుకు ముందే తేల్చాలి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం (1987) 12వ సెక్షన్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆ మాట మొదటి వాయిదాలోనే ఆమెకు చెప్పాలి.

ఇవి సాధించేలోగా మన సంఘాలు చేయగలిగింది ఒకటుంది. విడాకుల కేసు నడుస్తున్న ప్రతి స్త్రీకీ, రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి మా దగ్గరికి రమ్మని చెప్పడం.