మసక బొమ్మ మన మంచికే!

చెన్నూరులో బస్సెక్కి భీమారం, జైపూర్ మీదుగా మంచిర్యాల పోతూ ఫోన్‌లో మ్యాచ్ చూసేవాళ్లకు ఈ ముచ్చట కొత్త కాదు. బౌలర్ పరుగు మొదలుపెట్టినప్పుడు బొమ్మ అద్దంలా ఉంటుంది. బంతి పడేసరికి మొహాలన్నీ మసక. కాసేపటికి మళ్లీ క్లియర్. 'ఏందిరా ఈ నెట్టు!' అని తిట్టుకునేవాళ్లను రోజూ చూస్తుంటా. నేనైతే ఆ మసకను మెచ్చుకుంటా. ఎందుకో చెబుతా.

మనం చూసే వీడియో ఒకే పొడవాటి ఫైలుగా రాదు. దాన్ని కొన్ని సెకన్ల చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కనీ 240పీ, 360పీ, 480పీ, 720పీ, 1080పీ... ఇలా చాలా సైజుల్లో తయారుచేసి సర్వర్‌లో పెడతారు. ఏది ఎక్కడుందో చెప్పే జాబితా ముందుగా మన ఫోన్‌కు వస్తుంది. ఇక ఏ ముక్క తెచ్చుకోవాలో ఫోన్‌లోని ప్లేయర్ ఇష్టం. దీన్నే అడాప్టివ్ స్ట్రీమింగ్ అంటారు. ఆపిల్ 2009లో హెచ్‌ఎల్‌ఎస్ తెచ్చింది. 2012లో డ్యాష్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

ప్లేయర్ ఎలా నిర్ణయిస్తుంది? మీ ఇంటిమీది వాటర్ ట్యాంకును తలుచుకోండి. కింద నల్లా ఒకే ధారగా వస్తుంది. పైకి ఎక్కే నీళ్లు మాత్రం ఒకసారి జోరుగా, ఒకసారి సన్నగా. ముందే దింపి దాచుకున్న వీడియోనే మన ట్యాంకు. దాని పేరు బఫర్. కిందటి ముక్క ఎంత వేగంగా దిగింది, ట్యాంకులో ఇంకా ఎన్ని సెకన్లున్నాయి అని ప్లేయర్ లెక్క చూసుకుంటూనే ఉంటుంది. సిగ్నల్ తగ్గితే చిన్న సైజు ముక్క అడుగుతుంది. బొమ్మ మసకేస్తుంది కానీ ఆట ఆగదు. మీరు 'ఆటో' తీసేసి 1080పీ మీద పట్టుబట్టారనుకోండి, ట్యాంకు ఖాళీ. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, ఈలోగా వికెట్ పడిపోతుంది!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరూ ఫోన్లకు అతుక్కుపోయినప్పుడు దేశమంతా ఇదే ఉపాయం వాడారు. మొబైల్ నెట్‌వర్క్‌లో 480పీ దాటనివ్వొద్దని పెద్ద పెద్ద వీడియో కంపెనీలు ఏప్రిల్ 14 వరకు ఒప్పుకున్నాయి. బొమ్మ కాస్త తగ్గినా అందరికీ అందాలన్నదే లెక్క.

అయితే ఆటోకు రెండు సంగతులు తెలియవు. ఒకటి, మీ డేటా ప్యాక్. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంట చూస్తే 450 ఎంబీ ఖర్చు. అంటే రోజుకు 1.5 జీబీ ప్యాక్ మూడు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. సిగ్నల్ బాగుంది కదా అని ఆటో 2.5 మెగాబిట్లకు ఎక్కించిందా, గంటా ఇరవై నిమిషాలకే ఖతం. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు వేరుగా, వైఫైకి వేరుగా క్వాలిటీ పెట్టుకోవచ్చు. మొబైల్ డేటాకు 'డేటా సేవర్' పెట్టండి.

రెండోది అసలు సంగతి. మీరేం చూస్తున్నారో ఆటోకు తెలియదు. దానికి మ్యాచ్ అయినా, మ్యాథ్స్ క్లాసయినా ఒక్కటే. ఇంటర్‌కో గ్రూప్స్‌కో ఫోన్‌లోనే చదువుకునే పిల్లలు మన దగ్గర ఎంతమందో! బోర్డు మీద ఎక్స్ పక్కన ఉన్నది 3 అో 8 అో మసకలో కనపడక తప్పు రాసుకుంటే, పోయేది మార్కే.

అందుకే వీడియో పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆగితే నష్టమా, మసకైతే నష్టమా? లైవ్ మ్యాచ్, వీడియో కాల్ ఆగితే నష్టం. వాటికి ఆటోనే ఉంచండి. పాఠం మసకైతే నష్టం. దానికి 480పీయో 720పీయో మీరే ఎంచుకుని, కాసేపు పాజ్‌లో పెట్టి ట్యాంకు నిండనివ్వండి. ఇంకా మంచిది, సిగ్నల్ బాగున్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం. పాఠం రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏం కాదు, అక్షరం తప్పు కనపడొద్దు.