ఆడమాట, మగమాట: తక్కెడ ఒక్కటేనా?

నందపూర్ సంతలో ఒక్క పూట నిలబడితే చాలు, రెండు భాషలు మనిషిని రెండు విధాలుగా లెక్కించడం వినవచ్చు. మగవాడు వస్తే తెలుగులో ‘వచ్చాడు’, స్త్రీ వస్తే ‘వచ్చింది’. ఆవు వచ్చినా, బస్సు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటారు. ఒడియాలో ఆడైనా మగైనా ‘సే ఆసిలా’. గౌరవించదగిన వారైతే ఇద్దరికీ ‘సే ఆసిలే’. అక్కడి క్రియ వయసునూ హోదానూ చూస్తుంది గాని స్త్రీ పురుష భేదాన్ని చూడదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకునే సరిహద్దు పిల్లలకు ఈ రెండు లెక్కలూ ఉగ్గుపాలతోనే అబ్బుతాయి.

మరి భాషలోని ఈ తేడాకూ, స్త్రీల విషయంలో సమాజం పాటించే నీతికీ సంబంధం ఉన్నదా? న్యాయస్థానాలు, చట్టసభలు సైతం పదాలను తిరిగి తూచుకుంటున్న నేటి కాలంలో ఈ ప్రశ్న పల్లె గడపను కూడా తాకుతున్నది.

వ్యాకరణం దోషమా?

చిన్నయ సూరి బాలవ్యాకరణాన్ని చదివినవారికి ‘మహత్తు’, ‘అమహత్తు’ అనే విభాగం విదితమే. పురుషుడు మహత్తు. ఏకవచనంలో స్త్రీకి పశుపక్ష్యాదులతోనూ జడవస్తువులతోనూ సమానమైన క్రియ. బహువచనంలో మాత్రం ఆమె ‘వచ్చారు’ అంటూ మనుషుల వరుసలో చేరుతుంది. ఒంటరిగా ఉన్న స్త్రీకి లేని స్థానం పదిమందిలో ఉన్న స్త్రీకి లభించడం విచిత్రమే.

అయితే ఈ ఒక్క కారణంతో తెలుగును నిందించడం తొందరపాటు అవుతుంది. ఈ కొండలలో కంధులు మాట్లాడే కుయి, కువి భాషలలో కూడా పురుషుడు ఒకవైపు, తక్కినవన్నీ మరొకవైపు. అయినా ఆ సమాజాలలో భర్త చనిపోయిన స్త్రీ తిరిగి పెళ్లాడటానికి ఆచారం అడ్డు చెప్పదు. తెలుగు అగ్రవర్ణాలలో అదే పనికి కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో లోకంతో పోరాడవలసి వచ్చింది. ఇక క్రియలో లింగభేదమే లేని ఒడియా సమాజంలో వరకట్న వేధింపులు లేవా? ఉన్నాయి. కాబట్టి క్రియాపదం నీతిని నిర్ణయించడం లేదు. దోషం మరొక చోట ఉన్నది.

తీర్పు చెప్పే పదాలు

ఆ చోటు, మనం ఇతరుల నడవడిపై తీర్పు చెప్పే పదాలలో కనబడుతుంది. ‘పతివ్రత’ అనే మాటకు ఉన్న బరువు ‘పత్నీవ్రతుడు’ అనే మాటకు లేదు; అది ఎగతాళికే ఎక్కువగా పనికివస్తున్నది. ‘ఆ అబ్బాయి చెడిపోయాడు’ అంటే తాగుడుకో పేకాటకో అలవాటుపడ్డాడని అర్థం. ‘ఆ అమ్మాయి చెడిపోయింది’ అంటే ఊరంతటికీ స్ఫురించే అర్థం ఒక్కటే. మొదటివాడు మళ్లీ బాగుపడవచ్చు. రెండవ ఆమెకు ఆ అవకాశాన్ని భాష ఇవ్వడం లేదు.

సాహిత్యంలోనూ ఇదే తక్కెడ. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రచించింది. అందులోని శృంగార వర్ణన స్త్రీ నోట రాదగినది కాదని వీరేశలింగం ఆక్షేపించారు. వితంతువులకు అండగా నిలిచిన సంస్కర్తకు సైతం ఆ తక్కెడ తప్పలేదు. 1910లో ఆ కావ్యాన్ని తిరిగి ప్రచురించిన బెంగుళూరు నాగరత్నమ్మ, సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా, అటువంటి వర్ణనలే చేసిన మగకవుల మాటేమిటి అని నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది. ఆమె ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉన్నది.

మాయమవుతున్న కర్త

2025 ఫిబ్రవరిలో మల్కనగిరి జిల్లాలో ప్రభుత్వ వసతి పాఠశాలకు చెందిన పదవ తరగతి బాలిక ప్రసవించిన ఉదంతం ఈ ప్రాంతాన్ని కలచివేసింది. ఇటువంటి వార్త ఊరిలోకి రాగానే నోట పలికే వాక్యాన్ని గమనించాలి: ‘బడిపిల్ల గర్భం తెచ్చుకున్నదట.’ ఈ వాక్యంలో పురుషుడు లేడు. తప్పంతా బాలిక స్వయంగా చేసినట్టు క్రియ ఆమె మీదనే నిలిచింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి అంగీకారానికి విలువ లేదు, నేరం ఎదుటివానిదే. చట్టానికి కనిపించే కర్త మన వాక్యంలో మాయమవుతున్నాడు.

సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 16న న్యాయమూర్తుల కోసం వెలువరించిన కరదీపికలో ఈ దోషాన్నే ఎత్తిచూపింది. ‘పెళ్లికాని తల్లి’ అనక ‘తల్లి’ అనాలనీ, ‘ఈవ్‌టీజింగ్’ అనక ‘వీధిలో లైంగిక వేధింపు’ అనాలనీ సూచించింది. సరదాగా వినబడే పేరు వెనుక నేరం దాక్కోరాదన్నదే ఇందలి సారం. 1860 నాటి శిక్షాస్మృతి ‘అతడు’ అంటే స్త్రీ కూడా అని చెప్పుకున్నది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత అదే నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనూ చేర్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఏకంగా ‘ఆమె’ అని రాసి, అందులో అందరూ వస్తారన్నది. భార్యను భర్త సొత్తుగా చూసిన వ్యభిచార నేర నిబంధన, 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది.

పెద్దల భయం, పిల్లల క్షేమం

మాటలు సడలితే కట్టుబాటు సడలుతుందని పెద్దలు భయపడటం సహజం. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. అయితే ఇక్కడ అడుగుతున్నది నీతిని తగ్గించమని కాదు, ఇద్దరికీ ఒకే నీతి ఉండాలని. ఏ మనిషినీ కేవలం తన అవసరానికి సాధనంగా వాడుకోరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లోనే చెప్పాడు. ఆ సూత్రం ముందు ‘మగవాడు కదా, వయసు చాపల్యం’ అనే సాకు నిలవదు. ఎదుటివారి ఇష్టం, వయసు, నిజాయితీ, తరువాతి బాధ్యత, ఈ నాలుగూ కొడుకుకూ కూతురుకూ సమానంగా నేర్పవలసినవే.

ఇటువంటి ఉదంతాన్ని ఊరి పెద్దల ముందు డబ్బుతోనో పెళ్లితోనో సర్దుబాటు చేయడం ధర్మం కాదు, చట్టసమ్మతమూ కాదు. మైనరుపై నేరం జరిగినట్టు తెలిసీ పోలీసులకు తెలియజేయకపోవడం పోక్సో చట్టం ప్రకారం శిక్షార్హం. పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

‘వచ్చింది’ అనే క్రియను మార్చడం ఎవరి తరమూ కాకపోవచ్చు. ఆడపిల్లకు కష్టం వచ్చిన రోజున ‘ఏం చేసిందట?’ అని కాక ‘ఎవరు చేశారు?’ అని అడగడం మాత్రం ప్రతి ఇంటికీ సాధ్యమే. తెలుగులోనైనా ఒడియాలోనైనా ఆ ప్రశ్న ముందు రావాలి.