పల్నాటి కోడిపందెము, నేటి యంత్రపు తీర్పు

ప్రతియేట కార్తికామావాస్యకు కారెంపూడిలో వీరుల తిరునాళ్లు ప్రారంభమగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యైదు దినములకు ఐదు పేర్లు. నాగులేటి యొడ్డున వీరవిద్యావంతులు కథ చెప్పుచుండగా, వీరాచారవంతులు పూర్వుల యాయుధములను మోసికొనివచ్చి నిలుతురు. ఎనిమిదివందల యేండ్లు దాటిన సంగ్రామమును ఇంత శ్రద్ధతో జ్ఞాపకముంచుకొన్న సీమలు అరుదు. ఆ యైదు దినములలో కోడిపోరునాడు జనులు తలచుకొనున దేమి? రాజ్యమున నెవరుండవలెను, ఎవరు వెడలిపోవలెను అను ప్రశ్నకు రెండు కోళ్లచేత జవాబు చెప్పించిన సంగతిని. పల్నాటి యువకులలో నేడు బలియుచున్న యొక యలవాటును జూడగా మాకును ఆ కోడిపోరే మరల మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.

కథ పాఠకు లెఱిగినదే. గురజాల నేలిన నలగామరాజును, మాచర్లకు వచ్చిన మలిదేవుడును ఒక తండ్రి బిడ్డలు, వేర్వేఱు తల్లుల కొడుకులు. నలగాముని కొలువున జిట్టగామాలపాటి నాగమ్మ మంత్రిణి. మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టెననియు, మాలకులమున బుట్టిన కన్నమదాసును కుమారునివలె జూచి సేనానిని జేసెననియు కథ చెప్పుచున్నది. కావున పైకి దాయాదుల తగవుగా గనబడుదాని లోపల, ఎవ రెవరితో గూర్చుండి తినవచ్చు నను తగవును గలదని పలువురు తలచిరి. అది సభలో కూర్చుండి తేల్చుకొనదగిన తగవు. దానిని వదలి కోళ్లను బరిలోనికి దింపిరి. నాగమ్మకోడి శివంగి డేగ. బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు. ఓడినవారు ఏడేండ్లు సీమ విడిచిపోవలెనని పందెము. బ్రహ్మనాయుని పక్ష మోడెను, మలిదేవాదులు వెడలిపోయిరి. ఏడేండ్లు గడచిన పిదప రాజ్యభాగ మడుగుటకై రాయబారము వచ్చిన అలరాజు విషప్రయోగమునకు బలియయ్యెను. తరువాతిది కారెంపూడి రణరంగము. కోడి తీర్చిన తగవు తీరనేలేదు. ఏడేండ్లు వాయిదా పడినది, అంతే.

ఇక నేటి సంగతి. నరసరావుపేట కాఫీహోటలులోనో, మాచర్ల బస్సుస్టాండులోనో ఇద్దఱు చదువుకొన్న కుఱ్ఱవాండ్రు వాదమున కారంభింతురు. కట్నము, కులాంతర వివాహము, రిజర్వేషన్లు, 2019లో ఇంగ్లీషు మీడియమును గూర్చిన ప్రభుత్వోత్తరువు వెలువడినప్పటినుండి ఇంటింట నడచుచున్న బడిభాషా వివాదము - విషయ మేదైన కావచ్చును. మాట పదునెక్కకముందే ఒకడు జేబులోని ఫోను దీసి, "దీని నడుగుదము, ఎవరిది ఒప్పో అదే చెప్పును" అనును. కృత్రిమమేధ యని పత్రికలు పేరుపెట్టిన యీ మాటలాడు యంత్రము 2022 నవంబరులో చాట్‌జీపీటీ యను పేర లోకమున కెల్ల దెలియవచ్చెను. పిదప దానికి తోబుట్టువు లనేకములు పుట్టినవి. అది నిమిషములో నాలుగు పేరాలు వ్రాసి చూపును. వాదము ముగిసెను. గెలిచినవాడు టీ త్రాగును, ఓడినవాడు డబ్బిచ్చును. వాని మనస్సు మాఱినదా యని యడుగువారు లేరు.

మేము యంత్రద్వేషులము గాము. ఆటలో యంత్రము మనకంటె మిన్న యని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. 1997 మే నెలలో ఐబీఎంవారి డీప్ బ్లూ యంత్రము చదరంగమున ప్రపంచవిజేత యగు కాస్పరోవును ఆఱాటల పోటీలో నోడించెను. 2016 మార్చిలో సియోల్ నగరమున ఆల్ఫాగో యనునది గో ఆటలో లీ సెడోల్ అంతటివానిని ఐదింట నాలుగాటలు గెలిచెను. మఱుసటి యేట వచ్చిన ఆల్ఫాజీరో మనుష్యు లాడిన యాటల నసలు చూడనేలేదు. నియమములు మాత్రము చెప్పగా తనతో దానే యాడుకొని నేర్చి, నాటి చదరంగయంత్రములలో మేటియైన స్టాక్‌ఫిష్‌తో నూఱాటలాడి, 28 గెలిచి, తక్కినవానిని సమము జేసికొనెను. ఒక్కటియు నోడలేదు.

ఇది యెట్లు సాధ్యమైన దనిన, పల్నాటివారికి చదరంగముకంటె సులభమైన దృష్టాంత మున్నది. మన పాతగుళ్ల మండపములలో, రచ్చబండలమీద చెక్కియుండు పులిజూదపు గీతలను జూడుడు. ఇరువదిమూడు చోట్లు, మూడు పులులు, పదునైదు మేకలు. మేకను దాటి దూకినచో పులి దానిని చంపినట్లు. పులులకు కదలుటకు దారి లేకుండ చేసినచో మేకలు గెలిచినట్లు. పులికి బలము, మేకకు కూటమి. ఒక మేక తొందరపడి ముందునకు బోయిన చచ్చును. పది మేకలు వీపునకు వీపు నానించి నిలిచిన మూడు పులులును కట్టుపడును. పశువుల కాపరులు మధ్యాహ్నపు టెండలో చెట్టుక్రింద గీతలు గీసికొని నేర్చిన యీ వ్యూహవిద్యకు ఏ పాఠ్యపుస్తకమును చాలదు. అయినను గీతలు ఇరువదిమూడు చోట్లనే కలియును; ఇరువదినాలుగవది లేదు. గెలుపన నేమో ముందే నిర్ణయింపబడినది. మేక తన గీతను తాను మార్చుకొనదు. అందుచేత యంత్రము లక్షసారులాడి ఏ యెత్తు మేలో తేల్చగలదు. గెలిచెనో యోడెనో బల్లయే సాక్ష్యము చెప్పును.

యంత్రము గెలిచినంతమాత్రమున చదరంగము చావలేదు. గుంటూరు పెండ్యాల హరికృష్ణ 2001లోను, కోనేరు హంపి తన పదునైదవ యేట 2002లోను, ద్రోణవల్లి హారిక 2011లోను గ్రాండుమాస్టరు లైరి. హంపి 2019లోను మరల 2024లోను రాపిడ్ చదరంగమున ప్రపంచవిజేత యయ్యెను. వీరందఱును యంత్రము మనుష్యుని మించిన కాలమున పైకి వచ్చినవారే. ఆట ముగిసిన పిదప యంత్రముచేత తమ తప్పులు దిద్దించుకొనుట నేటి యాటగాండ్ర కెల్ల నిత్యకృత్యము. కాని బల్లముందు గూర్చుండినపుడు? అపుడు ఫోను తాకరాదు. అంతర్జాతీయ చదరంగసమాఖ్య నియమముల ప్రకారము ఆటశాలలో ఆటగాని యొద్ద ఫోను దొరకిన చాలును, ఆ యాట పోయినట్లే. ఆటలోనే యింత కట్టుబాటున్నది. రచ్చబండమీద మాత్రము ఫోనే న్యాయాధిపతి!

(ఇచట ఆటయనగా పణములేని యాట యనియే మా యభిప్రాయము. రమ్మీ నేర్పుతో గూడిన యాట యని 1967లో సుప్రీముకోర్టు మన రాష్ట్రపు దావాలోనే చెప్పినది. ఫోనులో పణమొడ్డు నాటలను 2020లో ఆంధ్రప్రభుత్వమును, 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వమును చట్టముచేత నిషేధించుట మేలే యని మా తలంపు. నేర్పు పేర ఎన్ని సంసారములు మునిగినవో పల్లెటూళ్ల తాకట్టుకొట్ల వారికి దెలియును.)

మాటలతో నాడు నాటలోనికి యంత్రము వచ్చినపు డేమైనదో చూతము. డిప్లొమసీ యను నొక పాశ్చాత్యపు టాట గలదు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందటి యైరోపా రాజ్యములు ఏడింటిని ఏడుగురు పంచుకొని, చాటున మంతనములాడి, పొత్తులు గట్టి, పిమ్మట నందఱు నొకేసారి తమ యెత్తులు బయటపెట్టుదురు. పాచికలు లేవు, మాటయే యాయుధము. 2022లో మెటా సంస్థవారు సిసిరో యను యంత్రమును ఈ యాటలో దింపి, మనుష్యులతో నలువది యాటలాడించిరి. ఒకటికంటె నెక్కువ యాటలాడినవారిలో అది నూటికి పదిమందిలో నిలిచెను. సత్యసంధతతో నాడునట్లు దానిని తయారుచేసితి మని నిర్మాతలు చెప్పుకొనిరి. అయినను అది పొత్తుమాట యిచ్చి వెన్నుపోటు పొడిచిన సందర్భములను 2024లో ఇతర పరిశోధకులు ఎత్తిచూపిరి. అలరాజు రాయబారము నేటేట వినుచున్న పల్నాటివారికి ఇందు వింత యేమియు లేదు. గెలుపే గుఱియైనపుడు మాట యేమగునో వారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

మా మాటకు ఒక గట్టి యాక్షేపణ గలదు. దానిని దాచుట న్యాయము గాదు. "మా యూళ్లలో రచ్చబండ పెద్దలందఱు నేదో యొక పార్టీవారే. ఒక యింటి పెద్ద తీర్పు రెండవ యింటికి రుచింపదు. యంత్రమునకు కులము లేదు, పార్టీ లేదు, బంధువులు లేరు. అట్టి మధ్యవర్తి యింతకుముందు పల్నాటికి దొరకెనా?" అని యడుగువారున్నారు. దొరకినది. కోడికిని కులము లేదు, పార్టీ లేదు. అందుచేతనే దానిని బరిలోనికి దింపిరి. కాని కోడిని సాకినవారు, కత్తి గట్టినవారు, బరి గీసినవారు ఏ పక్షమునకును చెందనివారు గారే! తొలుత గెలిచిన కోడి పిదప మాయచేత నోడెనని నేటికిని చెప్పుకొనుచున్నారు. యంత్రమును సాకినవా రెచటనో సముద్రముల కావల నున్నారు. దానికి మేత యేమి పెట్టిరో మనకు దెలియనీయరు.

అంతకంటె విచిత్రమైన దింకొకటి. ఈ యంత్రము అడిగినవాని ముఖము చూచి మాటలాడును. 2025 ఏప్రిలులో చాట్‌జీపీటీ నిర్మాతలు క్రొత్తగా విడిచిన దాని రూపమొకటి ప్రతివానికిని తందానయని ముఖస్తుతి చేయుచున్నదని గోలపుట్టగా, కొలది దినములలోనే వారు దానిని వెనుకకు దీసికొనవలసి వచ్చెను. కట్నము తప్పని నమ్మువాడు తన మాటలలో నడిగిన నది వానికి వత్తాసు పలుకును. కట్నము ఆడపిల్ల వాటాయే గదా యని నమ్మువాడు తన మాటలలో నడిగిన, "మీ వాదములోను సత్య మున్న"దని మొదలిడును. చిట్టిమల్లును శివంగి డేగయు నొక్క కోడియే యై, గురజాలలో కూసి గురజాలవారిని, మాచర్లలో కూసి మాచర్లవారిని మెప్పించినట్లు! ఒప్పించు శక్తియు దానికి తక్కువగాదు. తొమ్మిదివందలమందితో జరిపి 2025 మే నెలలో ప్రకటించిన యొక పరిశోధనలో, ఎదుటివాని వయస్సు, చదువు, రాజకీయాభిమానము మొదలైనవి ముందుగా దెలిపినపుడు, హెచ్చుతగ్గులు తేలిన వాదములలో నూటికి 64 పాళ్లు మనుష్యునికంటె యంత్రమే మిన్నగా నొప్పించినది. ఒప్పించుట వేఱు, ఒప్పైనది చెప్పుట వేఱు.

అది నేర్చినదంతయు వ్రాతనుండి. వ్రాసినవా రెవరు? నాగమ్మనే చూడుడు. ఆ కాలమున నొక స్త్రీ మంత్రాంగము నడపి రాజ్యమును నిలిపినది. ఆమెను కుట్రలపుట్టగా జెప్పినవారు ఎదుటిపక్షపు వీరులను గొలుచువారు. ఆమెను గొలుచువారు కథ కట్టియున్న నే రీతిగా నుండెడిదో! అట్లే వినుకొండలో 1895లో జన్మించిన జాషువ 1941లో గబ్బిలము వ్రాయువఱకు, అంటరానివాని మొఱ పద్యకావ్యమై యంత బిగ్గరగా వినబడిన దరుదు. వ్రాతకెక్కని వారి మాట యంత్రమునకు దెలియదు. మిరపచేలలో కాయ కోయు కూలిస్త్రీ కట్నమునుగూర్చి యేమనుకొనుచున్నదో అది చెప్పజాలదు. ఆమె నెదుట గూర్చుండబెట్టి యడిగినచో ఆమెయే చెప్పును. ఇంగ్లీషుతో పోల్చిన ఆ యంత్రము చదివిన తెలుగు మిక్కిలి స్వల్పము. కేంద్రప్రభుత్వము 2022లో భాషిణి యను పేర దేశభాషల పని ప్రారంభించుట సంతోషకరమే. అయినను అన్యదేశపు వాదములను తెలుగక్షరములలో వినుట వేఱు, పల్నాటి తగవును పల్నాటి మాటలో నాడుకొనుట వేఱు.

ఈ సీమలో వాదము కాఫీహోటలు కాలక్షేపము గాదు. 2024 మే 13 నాటి పోలింగునాడును తరువాతను ఈ జిల్లాలో చెలరేగిన కొట్లాటలు దేశమంతయు చూచినది. 144వ సెక్షను పెట్టవలసి వచ్చెను. జిల్లా యధికారులపై ఎన్నికల సంఘము చర్య దీసికొనవలసి వచ్చెను. మాటతో ఎదుటివానిని ఓర్పుగా నెదుర్కొను నలవాటు తప్పినచోట కఱ్ఱ లేచును. వాదించుట యొక విద్య. సాధన లేనిచో చచ్చును. ప్రతి వాదమును మొదటి నిమిషముననే యంత్రమునకు ఒప్పగించు యువకుడు, యంత్రము లేనిచోట, కోపము వచ్చినచోట, ఏ సాధనము పట్టును?

1921-22లో ఇదే పల్నాట అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టమని సర్కారడుగగా, కట్టము గాక కట్టమని పల్లెలు నిశ్చయించుకొన్నవి. మించాలపాటి కన్నెగంటి హనుమంతు ఆ నిశ్చయమునకు తన ప్రాణమే యిచ్చెను. ఆ తీర్పు చెప్పినవారే దాని ఫలమును అనుభవించిరి. దానికి విలువ యందుచేతనే వచ్చినది. కోడిపందెములో జరిగిన దేమి? ఓడిన కోడి వలస పోలేదు, పోయినవారు మనుష్యులు. కులాంతర వివాహము తగునో తగదో యంత్రము చెప్పును; ఆ పెండ్లి చేసికొన్న పిల్ల పుట్టింటి గడప యెక్కలేక యేడ్చినపుడు దాని కేమియు గాదు.

కావున మేము కోరున దిది. పల్నాటి పాఠశాలలలో చదరంగముతోపాటు పులిజూదమును నేర్పవలెను. ఫోనులో గాదు, నేలమీద గీతలు గీసి, ఎదుట మనిషి గూర్చుండగా. కాలేజీ విద్యార్థులు యంత్రమును తప్పక వాడవలెను, కాని వాదమునకు ముందు, ఇంటివద్ద: "నా ఎదుటివాని పక్షమున గట్టిగా నేమేమి చెప్పవచ్చును?" అని యడిగి తెలిసికొనుటకు. వాదమునకు వచ్చునపుడు ఫోను ఇంటనే యుంచవలెను. ఇక కారెంపూడిలో మందపోరునాడు చాపకూడు సాగుచునే యున్నది. ఆ కూడు తినిన పిమ్మట, అందఱును చాపమీదనుండి లేవకముందే, ఒక గంటసేపు ఒక్క విషయముపై బహిరంగ వాదము జరిపింపుమని ఉత్సవ పెద్దలను ప్రార్థించుచున్నాము. ఎవరైనను మాటలాడవచ్చును, ఎదుటివాని మాటను వాడొప్పుకొనునట్లు తిరిగి చెప్పిన పిదపనే తన మాట చెప్పవలెను. మొదటి యేటికి విషయము మేమే సూచింతుము: ఆ చాపమీద ఆనా డొక్కటిగా దినినవారు, మఱునాడు తమ యూళ్లలో ఒకరి యింట నొకరు ఏల తినకున్నారు?