ఢిల్లీ లేఖ: నింగిలో వెలుగు, నేలపై బాధ్యత

2022 ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఆకాశంలో ఒక వెలుగు చారలుగా సాగి కొద్దిసేపటికే మాయమయింది. కొందరు ఉల్క అనుకున్నారు, కొందరు క్షిపణి అనుకున్నారు. ఇంతలో తెలంగాణను ఆనుకొని ఉన్న చంద్రపూర్ జిల్లాలో, సిందేవాహి సమీపాన, ఒక పెద్ద లోహపు వలయం దొరికింది. అది చైనా రాకెట్ శకలమై ఉంటుందని నిపుణులు అభిప్రాయపడినారు. ప్రాణనష్టం లేకపోవడం మన అదృష్టం.

అంతరిక్షం నుంచి పడిన వస్తువు నేలపై కలిగించే నష్టానికి ప్రయోగించిన దేశమే బాధ్యత వహించాలని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిర్దేశిస్తున్నది. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 తన భూభాగంపై కూలినప్పుడు కెనడా పరిహారం రాబట్టుకొన్నది. ఆ ఒప్పందం కింద పరిహారం కోరవలసింది ప్రభుత్వమే; శకలం ఎవరిదో తేలనిదే కోరే వీలు లేదు. అందువల్ల ఇటువంటి ప్రతి ఘటనపైనా దర్యాప్తు ఫలితాన్ని ప్రభుత్వం పార్లమెంటు ముందు ఉంచాలి. ఇల్లు కూలిన రైతు బీజింగ్‌కు పోలేడు. అతనికి దిక్కు ఢిల్లీయే.